ఆవిడ పక్కన చోటు

మా ఆవిడ సమాధికి కుడిపక్కన గోడ. ఎడమపక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ దాటితే కాలిబాట. ఆ ఖాళీ నాదని నేను అనుకున్నాను. తనదని మా బావ అనుకున్నాడు.

బావ అంటే ఆవిడ అన్న. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి దిగిపోయాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది కానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఎవరు ఎదురుపడినా ముందు వాళ్ళ చేతుల్లోకి చూస్తాడు. చర్చిలో ఆయన పెద్ద. సమాధుల తోట మీద పెత్తనం కూడా ఆయనదే. వెనకాల అందరూ ఆయన్ని 'పాత నిబంధన' అంటారు. మొహం మీద అనేవాణ్ణి నేనొక్కణ్ణే.

నేను తాపీ మేస్త్రిని. ఆ తోటకి ప్రహరీ కట్టింది నేను. గేటు స్తంభాలు నావి, కాలిబాట నాది, చర్చి వేదిక వెనక బాప్తిస్మపు తొట్టి నాది. దేనికీ కూలి తీసుకోలేదు. భక్తి వల్ల కాదు. మా ఆవిడ పొద్దున్నే తాపీ తెచ్చి నా చేతిలో పెట్టి వీధి వైపు చూపించేది. కాదంటే ఆ పూట పొయ్యి వెలిగేది కాదు.

ఆవిడ నమ్మింది. నేను నమ్మలేదు. ఆదివారం ఆవిడ లోపల పాడుతుంటే నేను బయట మెట్టు మీద కూర్చునేవాణ్ణి. ఎందుకంటే ఆవిడకి దారులు తెలియవు. పుట్టి పెరిగిన వీధిలో కూడా మలుపు తప్పేది. బస్సెక్కితే ఒక స్టాపు ముందో వెనకో దిగేది. బజారులో 'ఇక్కడే కదలకుండా నిలబడు, నేనే వస్తా' అని చెప్పి వెళ్తే, నన్ను వెతకడానికి తనే బయలుదేరేది. అన్న ఊళ్ళో బస్సులన్నీ ఆపి తనిఖీ చేశాడు. చెల్లెలికి తన బస్సు ఏదో తెలియదు. ఇద్దరూ ఒక్క కడుపున పుట్టారు.

ఆవిడకి జబ్బు చేసినప్పుడు చర్చి అంతా మోకాళ్ళ మీద పడింది. పాస్టరు ఉపవాసం ఉన్నాడు. ఆవిడ పోయింది. దేవుడు లేడని నేనెప్పుడూ అనలేదు. ఉన్నాడు. ఉండే ఆ పని చేశాడు. అప్పటినుంచి ఆయనతో నాకు మాటల్లేవు.

సమాధి నేనే కట్టాను. ఇంకొకడైతే మట్టం తప్పుతాడు. పూత ఆరకముందే బావ వచ్చి, పక్కనున్న ఖాళీని పొడుగ్గా ఒకసారి, అడ్డంగా ఒకసారి అడుగులేసి కొలిచాడు.

"ఇక్కడ నీడ బాగుంది" అన్నాడు.

"చచ్చాక ఎండ తగుల్తుందా బావా?"

"రక్తసంబంధం ఉంది. బాప్తిస్మం ఉంది. నాకు కాక ఇంకెవరికి వస్తుంది ఈ చోటు?"

"మొగుణ్ణి, నేనున్నాను."

"గేటు మీద బోర్డు చదివావా?"

చదవడమేమిటి, బిగించిందే నేను. బాప్తిస్మం పొందినవారికి మాత్రమే అని ఉంది. బిగించేటప్పుడు బోర్డు వంకరగా ఉందా అని చూశాను కానీ అది నా గురించి రాశారని చూసుకోలేదు.

"సరే. బాప్తిస్మం చెల్లాలంటే ఏమేం కావాలి?" అని అడిగాను.

అలాంటి ప్రశ్న అడిగితే మా బావకి ప్రాణం లేచొస్తుంది. వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "పాస్టరు ఉండాలి. నీళ్ళుండాలి. మనిషి పూర్తిగా మునగాలి, నెత్తిన ఒక్క వెంట్రుక పొడిగా ఉన్నా చెల్లదు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురి పేర్లూ పాస్టరు నోటితో పలకాలి. కళ్ళతో చూసినవాళ్ళు ఉండాలి. అంతే."

"మరి నమ్మకం?"

"అది నా శాఖ కాదు. పాస్టరు గారినడుగు."

పాస్టరు గారింటికి వెళ్ళాను. కుర్రవాడు. మాట మెత్తన. ఆయన ముందుగదిలో రెండు కుర్చీలున్నాయి, ఒకదానికి కాలు లేదు. నన్ను మంచి కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన కుంటి కుర్చీలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మా బావ నిబంధనలంటే ఆయనకి ఒళ్ళు మంట. పైకి నవ్వుతాడు.

"మేస్త్రి గారూ, ధర్మశాస్త్రం మీ రసమట్టం లాంటిది. గోడ వంకర చూపిస్తుంది. అంతేకానీ గోడని నిలబెట్టదు."

"అది లేకుండా కట్టిన గోడ మీద పడితే తెలుస్తుంది లెండి. పోనీ, పనుల సంగతేమిటి? ఆ ప్రహరీ నేను కట్టాను."

"మీ గోడ మిమ్మల్ని రక్షించదండీ."

"కుక్కల్ని ఆపింది. మీ ప్రసంగం ఒక్క కుక్కనైనా ఆపిందా?"

ఆయన నవ్వాడు. కుర్చీ జారబోతే సర్దుకున్నాడు. తర్వాత నవ్వు ఆపి అడిగాడు. "మీ ఆవిడ మంచాన పడ్డప్పుడు ఎత్తి కూర్చోబెట్టారు, మందులు పోశారు, బట్టలు ఉతికారు. ఎందుకు? ఆవిడ మీకు భార్య కావాలనా?"

"అదేం మాట? ఎప్పుడో అయింది కదా."

"అదే నేను చెప్పేది. అయింది కాబట్టి చేశారు. చేసి సంపాదించుకోలేదు. రక్షణ కూడా అంతే మేస్త్రి గారూ. ముందు ఆయన ఊరికే ఇస్తాడు. మనం నమ్మి పుచ్చుకుంటాం. పనులు ఆ తర్వాత వాటంతటవే వస్తాయి. అవి రాకపోతే పుచ్చుకోలేదనే లెక్క."

బాగానే చెప్పాడు. ఆ మాట నాకు నచ్చింది. నచ్చినందుకు ఒళ్ళు మండింది.

"ఒక్క మాట, నమ్ముతున్నానని చెప్పండి. నేనే మిమ్మల్ని నీళ్ళలోకి దింపుతాను."

"అబద్ధం చెప్పమంటారా?"

"వద్దు."

"అయితే నమ్మకం లేదు" అని లేచి వచ్చేశాను. వచ్చేముందు ఆ కుర్చీ కాలు కింద ఒక ఇటుక ముక్క పెట్టాను. ఆయన పడి నడుం విరగ్గొట్టుకుంటే దానికి కూడా మా ఆవిడ నన్నే తిట్టేది.

ఆ తర్వాత ఆదివారం తొట్టి కారడం మొదలుపెట్టింది. వేదిక మీద తివాచీ తడిసింది. పాటలు పాడేవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని పాడారట. బాప్తిస్మం తీసుకోవడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు, తొట్టి సిద్ధంగా లేదు. పాస్టరూ బావా కలిసి మా ఇంటికి వచ్చారు. వాళ్ళిద్దరూ కలిసి రావడమే ఒక అద్భుతం.

మా అమ్మాయి ముందుగదిలో మిషను కుడుతోంది. తను బట్టలు కుట్టి బతుకుతుంది, నాతోనే ఉంటుంది. మొహం వాళ్ళమ్మది, నోరు నాది.

"మేస్త్రి గారూ, మీరొకసారి వచ్చి చూస్తే..." అన్నాడు పాస్టరు.

"పనుల వల్ల ఏమీ రాదన్నారుగా అయ్యగారూ. నమ్మండి. గట్టిగా నమ్మితే అదే కారడం మానేస్తుంది."

మిషను ఆగింది. మా అమ్మాయి తల దించుకుని భుజాలు ఊపుతోంది. నవ్వుతోందని నాకు తెలుసు.

"అది నువ్వు కట్టిన తొట్టి!" అన్నాడు బావ.

"నమ్మకం లేనివాడు కట్టాడు. కారక ఏం చేస్తుంది? నీ బోర్డు తెచ్చి దానికి అంటించు బావా. బోర్డు చూసి నీళ్ళు ఆగిపోతాయి."

"చూశారా అయ్యగారూ? వీడికి చోటు కావాలట చోటు!"

"మామయ్యా, నువ్వాగు" అంది మా అమ్మాయి. దారం కొరికి లేచింది. లోపలికి వెళ్ళి తాపీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "అమ్మ మునిగింది అందులోనే కదా నాన్నా" అని వీధి వైపు చూపించింది.

వెళ్ళాను.

తొట్టి ఖాళీ చేసి, గోడలు గీకి, కొత్త పూత పూసి, ఆరనిచ్చాను. తర్వాత నిండా నీళ్ళు పెట్టి, నీటి మట్టం దగ్గర పెన్సిలు గీత గీశాను. నీళ్ళు గీత దిగితే ఇంకా కారుతున్నట్టు. మర్నాడు మధ్యాహ్నం వెళ్ళి చూస్తే నీళ్ళు గీత దిగాయి. ఎక్కడ కారుతోందో అంతుపట్టలేదు. తొట్టి మీద అడ్డంగా ఒక చెక్క వేసి, దాని పక్కనే గట్టు మీద వంగి కూర్చుని నీళ్ళలోకి చూస్తున్నాను. చెక్క ఒక కొస ఇటుక మీద ఉంది, రెండో కొస ఉత్తినే ఆనించి ఉంది.

బావ ముందు బెంచీ మీద కూర్చుని నా పని తనిఖీ చేస్తున్నాడు. మా అమ్మాయి అన్నం క్యారియరు తెచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తోంది. పాస్టరు గారు పక్క తలుపులోంచి వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, మెరిసే బూట్లు.

"కారుతోందా?"

"మీ నమ్మకం చాల్లేదు."

ఆయన నవ్వి, గట్టు చుట్టూ నడిచి నా వెనక నిలబడ్డాడు. "మేస్త్రి గారూ, మొన్నటినుంచి ఆలోచిస్తున్నాను. నమ్మకమంటే మీరు ఏదో పెద్ద విషయం అనుకుంటున్నారు. కాదు. కింద ఏముందో చూసుకోకుండా, పట్టుకునేవాడు ఉన్నాడని అడుగు వేయడమే."

"ఆ చెక్క మీద వేయకండి."

"అదే మీతో చిక్కు. అన్నీ చూసుకుని, కొలుచుకుని..."

"అయ్యగారూ, చెక్క!"

"...ఇలా ఒక్క అడుగు..."

వేశాడు. చెక్క రెండో కొస లేచింది. పాస్టరు గారు రెండు చేతులతో గాలిని పట్టుకుని, అది దొరక్క నా చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరం తొట్టిలో పడ్డాం.

ఆ తొట్టి లోతు నాకు తెలుసు. నిలబడితే ఛాతీ దాటదు. ఆయనకీ తెలుసు, ఎంతమందినో ముంచాడు. కానీ ముంచడం వేరు, మునగడం వేరు. కాళ్ళు కిందకి దించాలన్న ఆలోచన రాక, ఆయన నా మీదకి ఎక్కడం మొదలుపెట్టాడు. నా తల పట్టుకుని కిందకి నొక్కి పైకి లేచాడు.

"ఓ తండ్రీ!"

నేను పైకి వచ్చి ఊపిరి తీసుకునేలోపు మళ్ళీ నొక్కాడు.

"దేవుని కుమారుడా!"

ఈసారి చెవులు పట్టుకున్నాడు.

"పరిశుద్ధాత్మా, కాపాడూ!"

మునిగినప్పుడు గొప్ప వెలుగు చూశామని సాక్ష్యాలు చెప్తారు. మూడోసారి మునిగినప్పుడు నేను పగులు చూశాను. కింది మెట్టుకీ గోడకీ మధ్య మూలలో, వెంట్రుకంత సన్నగా ఉంది. నీళ్ళలోని నలుసులు అటే పోతున్నాయి. పూత పూసేటప్పుడు నేను దాని మీదే కాలు పెట్టి నిలబడ్డాను. అందుకే కనబడలేదు.

అప్పుడు కాళ్ళు ఊనుకుని లేచి, ఆయన నడుం పట్టి ఎత్తి మెట్టు మీద కూర్చోబెట్టాను. ఆయన బూట్ల మేకులు నా కొత్త పూత గీకేస్తున్నాయి. నేను ఎత్తింది అందుకే. ఆయన దగ్గి, నీళ్ళు కక్కి, "మీరు నా ప్రాణం రక్షించారు" అన్నాడు.

"నేను మిమ్మల్ని రక్షించాను. నన్ను రక్షించడానికి మీకింత ఆలోచనా?"

మా అమ్మాయి క్యారియరు కింద పెట్టి, గోడ పట్టుకుని నవ్వుతోంది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ "నాన్నా, దెబ్బ తగిలిందా?" అని మళ్ళీ నవ్వుతోంది.

బావ నవ్వలేదు. బెంచీ దగ్గర లేచి నిలబడి ఉన్నాడు. బస్సులో టికెట్ లేనివాడు దొరికితే మొహం ఎలా ఉండేదో అలా ఉంది. కానీ దొరికింది ఎవరో ఆయనకే తెలియడం లేదు. నెమ్మదిగా గట్టు దగ్గరికి వచ్చాడు. వంగి నా తల మీద వేలు పెట్టాడు. ముందు నుంచి వెనక్కి, ఈ చెవి నుంచి ఆ చెవికి, మిగిలిన నాలుగు వెంట్రుకలూ తడిమి చూశాడు.

"పొడి లేదు" అన్నాడు.

"ఏమిటి బావా?"

"పాస్టరు ఉన్నాడు. నీళ్ళున్నాయి. పూర్తిగా మునిగావు. మూడు పేర్లూ వరసగా పలికారు, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. చూసినవాళ్ళం నేనూ నా మేనకోడలూ." గొంతు సవరించుకున్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి పంటి బిగువున వచ్చింది. "చెల్లుతుంది."

"చెల్లదు!" పాస్టరు మెట్టు మీద నుంచి లేవబోయి జారి మళ్ళీ కూర్చున్నాడు. "అది బాప్తిస్మం కాదు పెద్దాయనా, ప్రమాదం! నేను ప్రాణభయంతో అరిచాను!"

"ఏ భయంతో పలకాలో నిబంధనలో లేదు. పలకాలని ఉంది. పలికారు."

"నిబంధన మనిషిని రక్షించదని వారం వారం చెప్తూనే ఉన్నానా?"

"చెప్తున్నారు. వింటున్నాను. చోటు ఇవ్వడం మాత్రం నిబంధన ప్రకారమే. ఆ చోటు నాకు కావాలి అయ్యగారూ, మా చెల్లెలి పక్కన. నా నోటితో నేను వదులుకుంటున్నాను. అబద్ధమాడితే ఇన్నేళ్ళు నేను బస్సు దింపినవాళ్ళందరూ వచ్చి నా మొహాన ఉమ్ముతారు."

మా బావ మంచివాడని నేను అనను. ఆయన్ని క్షమించలేదు, క్షమించే ఉద్దేశం లేదు. కానీ ఆ రోజు ఆయన తన టికెట్ తనే చింపుకున్నాడు. అది చూశాను.

"మామయ్య ఒప్పుకున్నాడు. ఊరికే ఇస్తాడని చెప్పే మీరు అడ్డం పడతారేంటండీ?" అంది మా అమ్మాయి.

పాస్టరు మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. బూటు విప్పి నీళ్ళు పారబోశాడు. "ఊరికే ఇస్తాడమ్మా. కానీ పుచ్చుకునే చెయ్యి ఉండాలి కదా. మీ నాన్నగారు చెయ్యి వెనక్కి పెట్టుకుంటే నేనేం చేయను?" నా వైపు తిరిగాడు. "మేస్త్రి గారూ, ఇంకేమీ అడగను. నమ్ముతున్నారా?"

"ఆయన మీద నాకు కోపం తగ్గలేదు."

"కోపం సంగతి అడగలేదు."

"తగ్గదు కూడా."

"తగ్గకపోనివ్వండి. ఆఖరి రోజున ఆవిడ సమాధిలోంచి లేస్తుందని నమ్ముతున్నారా, లేదా?"

చలేస్తోంది. ఛాతీ వరకూ నీళ్ళలో నిలబడి ఉన్నాను, చొక్కా బొత్తాలు ఊడిపోయి. నాకు విసుగొచ్చింది.

"లేవదనుకుంటే ఆ పక్క చోటు నాకెందుకయ్యా? ఎక్కడ పూడ్చినా మట్టే కదా, రోడ్డు పక్కన పూడ్చినా మట్టే. ఆవిడకి దారులు తెలియవు. లేచేసరికి పక్కన నేను లేకపోతే, నన్ను వెతుక్కుంటూ గేటు దాటి ఎటో పోతుంది. అంత జనంలో మళ్ళీ ఎక్కడ పట్టుకోను?"

మా అమ్మాయి నవ్వు ఆగింది. నేను ఏం అన్నానో నాకు అప్పుడు వినబడింది. వెనక్కి తీసుకుందామంటే అది అబద్ధం కాదు.

పాస్టరు గారు తడిసిన బూటు పక్కన పెట్టాడు. "చెల్లుతుంది" అన్నాడు.

"అది నేను ఎప్పుడో చెప్పాను" అన్నాడు బావ. ముక్కు చీది, రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దేవుడితో మాట్లాడతానని మాత్రం అనుకోవద్దు" అన్నాను.

"మీరు మాట్లాడకండి. ఆయన మాట్లాడతాడు" అన్నాడు పాస్టరు, పళ్ళు టకటకలాడుతుంటే.

తొట్టిలో నీళ్ళు వదిలేసి, ఆ మూల గీకి, పగులు పూడ్చాను. మా అమ్మాయి ఇంటి నుంచి పొడి చొక్కా తెచ్చింది. ఈసారి గీత దగ్గరే నీళ్ళు నిలిచాయి.

తర్వాత తోటలో నా చోటు చుట్టూ ఇటుకలు పేరుస్తుంటే బావ వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూశాడు.

"బాట కాస్త అటు జరిపితే ఇంకో మనిషి పడతాడు" అన్నాడు.

"బాట జరపకూడదని నిబంధన ఉంది కదా బావా."

"రాసింది నేనే. అక్కడ ఒక మినహాయింపు రాస్తాను. బాట వేసింది నువ్వేగా, నువ్వే జరుపు."

"నా పక్కన నువ్వా? లేచీ లేవగానే టికెట్ అడుగుతావు."

"అడుగుతాను. ఉందిగా, చూపించు."

నేను ఇటుక తిప్పి పెట్టాను. ఒకపక్క దారి తెలియని మనిషి, ఇంకోపక్క దారంతా తనిఖీ చేసే మనిషి. మధ్యలో నేను, లోకం అంతమయ్యేవరకూ. రక్షణ అంటే ఇదని ముందే తెలిస్తే ఈత నేర్చుకునేవాణ్ణి.

"అవతలి కొస పట్టుకో" అని బాట కొలిచే దారం బావ చేతికిచ్చాను. "వంకర రానివ్వకు."